జవాబు రాని అర్జీ

తెలుగు వికీపీడియాలో ఏ పేజీ అయినా చివరిదాకా వెళ్తే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గురించి ఒక ముక్క ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. సిరియాలో ఆ లైసెన్సుల పని ముందుండి నడిపించినవాడు బాసెల్ ఖర్తబిల్. పాలస్తీనా మూలాలున్న డమాస్కస్ మనిషి, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్. ఫైర్‌ఫాక్స్‌కీ వికీపీడియాకీ కూడా పనిచేశాడు. 2012 మార్చి 15న అతన్ని పట్టుకుపోయారు. నెలల తరబడి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు.

విదేశాల్లో అతని కోసం గొంతెత్తినవాళ్ళలో చాలామంది మాలాంటి కోడ్ రాసుకునేవాళ్ళే. వెబ్‌సైట్ పెట్టారు, 'ఫ్రీ బాసెల్' అని హ్యాష్‌ట్యాగ్ నడిపారు, సంతకాలు సేకరించారు. నిజం చెప్పాలంటే హ్యాష్‌ట్యాగుల మీద నాకంత గౌరవం లేదు. ఎక్కువ భాగం మనల్ని మనం చూసుకుని మురిసిపోవడానికే. కానీ 'అలాంటివాడెవడూ మా దగ్గర లేడు' అని ప్రభుత్వమే అనగలిగే చోట, ఒక పేరుని మరుగున పడనివ్వకపోవడం కూడా పనే. 2013లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ అవార్డు వచ్చింది. 2015లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ఈ నిర్బంధం అక్రమం అంది. ఈలోగా అతన్ని అద్రా జైలుకి మార్చారు. లాయరైన నూరా గాజీతో పెళ్ళి కూడా జైల్లోనే జరిగింది.

జైలుకి ముందు బాసెల్ పాల్మైరా శిథిలాలని త్రీడీలో కట్టుకుంటూ వచ్చాడు. 2015 ఆగస్టులో ఐసిస్ వాళ్ళు అక్కడి బేల్ గుడిని పేల్చేశారు. అప్పటికి అతను కటకటాల వెనక ఉన్నాడు. అతను మొదలుపెట్టిన పనిని స్నేహితులు 'న్యూ పాల్మైరా' పేరుతో అందరికీ తెరిచిపెట్టారు.

2015 అక్టోబరు 3న అతన్ని అద్రా నుంచి ఎక్కడికో తీసుకెళ్ళారు. అక్కడినుంచి ఏ కబురూ లేదు. బయట ప్రచారం మాత్రం ఆగలేదు. 'బాసెల్ ఎక్కడ?' అని అడుగుతూనే ఉన్నారు. వచ్చి మాతో పనిచెయ్యమని ఎంఐటీ మీడియా ల్యాబ్ అతనికి ఉద్యోగం కూడా ఇచ్చింది. 2017 ఆగస్టు 1న నూరా ప్రకటించింది: తీసుకెళ్ళిన కొద్దిరోజులకే అతనికి మరణశిక్ష అమలు చేసేశారు.

అంటే దాదాపు ఇరవైరెండు నెలలు వాళ్ళు బతికిలేని మనిషి విడుదల కోసం అర్జీలు పెట్టారు.

మా ఉద్యోగాల్లో రిక్వెస్టుకి జవాబు రాకపోతే ముప్ఫై సెకన్లు చూసి టైమౌట్ అని వదిలేస్తాం. ఆ ముప్ఫైని ఎవరో ఒక ఇంజినీరు నిర్ణయిస్తాడు. ఇక్కడ ఎవరు నిర్ణయించాలి? ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత, 'ఇంక లాభం లేదు' అనుకుని వాళ్ళు ఊరుకుంటే, మాయం చేసినవాళ్ళకి కావలసింది సరిగ్గా అదే కదా! ఆ అర్జీలు బాసెల్‌ని కాపాడలేదు, అది ఒప్పుకోవాల్సిందే. వృథా అని మాత్రం అనలేను. ఎన్నో వేలమంది సిరియన్లు ఇలాగే మాయమయ్యారు. వాళ్ళకి హ్యాష్‌ట్యాగ్ నడిపే ఇంగ్లీషు వచ్చిన స్నేహితులు లేరు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే.

ఆ తర్వాత నూరా 'నో ఫోటో జోన్' అనే సంస్థ పెట్టి, అలా మాయమైనవాళ్ళ కుటుంబాల కేసులు చూడడం మొదలుపెట్టింది.