కాశీచెంబు

గాజీపురంలోని ఒక కళాశాలలో ముప్ఫై యేళ్లకు పైగా హిందీ బోధించి విశ్రాంతి తీసుకున్న ఆ పండితునికి విహారయాత్ర అనే మాట మీద గౌరవం లేదు. యాత్ర అంటే ప్రయాగకో గయకో పోవడం. తిరిగి వచ్చిన మనిషిలో ఏదో కొంత బరువు తగ్గాలి. పద్నాలుగు అంతస్తుల ఓడలో వారం దినాలు కూర్చుండి తిని వస్తే తగ్గేదేమున్నది? ఈ వాదాన్ని ఆయన మయామీ రేవు చేరేవరకు కొనసాగిస్తూనే వచ్చినారు. టిక్కెట్లు కొన్నవాడు అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు. తల్లిదండ్రుల వివాహానికి నలభై యేళ్లు నిండినందుకు అది అతని కానుక. భార్య ఈ వాదంలో ఏ పక్షమూ వహించలేదు. ఆమె మనస్సులో వేరొక లెక్క వున్నది. దానిని భర్తకు సైతం చెప్పలేదు.

రేవులో మొట్టమొదట మనుష్యులను సామాను నుండి వేరు చేస్తారు. కాలిబాట మీదనే కూలీ పెట్టెను అందుకొని, చీటీ కట్టి, బండి మీద పడవేసినాడు. సాయంకాలానికి అది గది వాకిట వుంటుందట. అక్కడి నుండి ఆమె ముఖంలో కళ తప్పింది. భోజనశాలలో నలభై రకాల పదార్థాలు పేర్చి వుండగా ఆమె పెరుగు, అరటిపండు మాత్రం తీసుకున్నది. పండితుడు అది చూచి, దేశం కాని దేశంలో శుచి గురించిన సంకోచం కాబోలునని అనుకొన్నారు. భర్తలు ఇటువంటి విషయాలలో సాధారణంగా పొరబడుతూ వుంటారు.

ఆయనకు మాత్రం ఓడ మీద క్రమంగా ఆసక్తి కలుగసాగింది. యజమానులు అమెరికనులు; వెనుకభాగాన వ్రాసిన రేవు పేరు బహామాలలోని నస్సావు; పనివారు ఫిలిప్పీన్సు వారు, ఇండొనేషియా వారు, గోవా వారు. "దీని గోత్రమేమిటో!" అన్నారాయన. బయలుదేరే ముందు ప్రమాద సమయంలో ఎవరు ఎక్కడ చేరవలసినదీ చూపించినారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగాటి కూత. 2012లో ఇటలీ తీరాన ఒక విహారనౌక ఒరిగిపోయి ముప్ఫై ఇద్దరు మరణించిన తరువాత ఈ అభ్యాసాన్ని రేవు విడువక మునుపో, విడిచిన వెంటనేనో జరిపి తీరాలన్న నియమం వచ్చింది. అంతకు పూర్వం ఇరవై నాలుగు గంటల వ్యవధి వుండేది. నౌకరక్షక చొక్కా తొడుక్కోవడం ఎట్లాగో చూపుతూ వుంటే ఆమె చూపు తలుపు మీదనే వున్నది.

ఓడ కదిలింది. మయామీ బీచి కొనకూ ఫిషరు దీవికీ నడుమ త్రవ్విన ఇరుకు కాలువగుండా, వీధిలో ఏనుగు నడచినట్లు, మెల్లగా సాగినది. గట్టున నిలిచిన అపరిచితులు చేతులు వూపినారు. ఓడలోని వారు కూడా వూపినారు. కాలువ దాటిన కొంతసేపటికి రేవు దారి తెలిసిన చోదకుడు త్రాటినిచ్చెన మీదుగా చిన్న పడవలోనికి దిగి వెనుకకు మరలినాడు. కడపటి తెగతెంపు అదే అనిపించింది పండితునికి. అటుపిమ్మట నీటి రంగు మారినది. తీరపు పచ్చదనం పోయి, నీలిమందు కలిపినట్లు ముదురు నీలం వచ్చింది. ఉత్తరానికి పరుగులిడే గల్ఫు ప్రవాహమది. సముద్రంలోనే పారే ఒక వేడినీటి నది.

చీకటి పడినా పెట్టె రాలేదు. దానికి బదులు పిలుపు వచ్చింది. క్రింది అంతస్తులో పరిశీలన గది వాకిట మరికొందరు దోషులు వరుసగా నిలిచి వున్నారు: ఒకరు సారాసీసా తెచ్చినవారు, ఒకరు ఇస్త్రీపెట్టె తెచ్చినవారు. పెట్టె తెరిపించి, చీరల మడతలలో నుండి భద్రతాభటుడు బయటకు తీసినది మూతికి మాటువేసిన చిన్న రాగిచెంబు. పండితుడు నివ్వెరపోయినారు. భటుడు నేపాలీ. ఒక ప్రశ్న కూడా అడగలేదు. చెంబును రెండు చేతులతో కన్నుల కద్దుకొని ఆమె చేతిలో పెట్టినాడు.

గదిలోనికి వచ్చిన తరువాతనే ఆమె చెప్పినది. ఆమె ముత్తాతకొక తమ్ముడు వుండేవాడట. జనుపమిల్లులో పని దొరుకునని కలకత్తా పోయినాడు. కొన్ని నెలలకు ఆ ఊరివాడొకడు తిరిగివచ్చి, అతనిని కూలీల డిపోలో చూచినాననీ, చీనీదాద్ పోయే ఓడ ఎక్కించినారనీ చెప్పినాడు. ట్రినిడాడు పేరును ఆ రోజులలో అట్లా పలికేవారు. చీనీ అంటే చక్కెర కదా. 1845లో ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుండి 225 మందిని ఆ దీవికి చేర్చినప్పటి నుండి, 1917లో కూలీల సమీకరణ ఆగేవరకు, అయిదు లక్షలకు పైగా భారతీయులు ఈ కరీబియను తీరాల చెరకుతోటలకు పోయినారు. మదరాసు రేవు నుండి పోయినవారిలో తెలుగువారూ వున్నారు. మొదటి ఓడకు పట్టినది నూటమూడు దినాలు. ఆఫ్రికా కొసను చుట్టి రావలసిన దారి.

"ఉత్తరం రాలేదు. ఆయన భార్యకు అప్పుడు పదహారేళ్లు. కబురు లేదు గనుక పాపిట సిందూరం తుడవలేదు. డెబ్బైయేళ్లు దాటి, సిందూరంతోనే పోయింది. ఆమె బ్రతికివుండగా ఆయనకు తర్పణం విడిస్తే ఆమెను మనమే విధవను చేసినట్లని ఇంట్లో ఎవరూ విడవలేదు. ఆమె పోయిన తరువాత ఎవరికీ జ్ఞాపకం రాలేదు. ఏమండీ, ఈ నీటి మీదుగానే కదా ఆయన వచ్చినది? మీరు దోసెడు నీళ్లు విడిచిపెడతారా?"

వసారా కమ్మికి, సముద్రంలో ఏ వస్తువునూ విసరరాదన్న హెచ్చరిక అతికించి వున్నది. నీరు వస్తువవునా కాదా అని పండితుడు ఒక క్షణం ధర్మశాస్త్ర దృష్టితో ఆలోచించినారు. పిమ్మట అడిగినారు: "ఆయన పేరు?"

ఆమెకు తెలియదు. ఇంట్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కారు.

రాత్రి భోజనాల బల్ల వద్ద వారి సరసన ఒక వృద్ధురాలు కూర్చున్నది. పుట్టినది ట్రినిడాడులో, ఇప్పుడు ఫ్లోరిడాలో కూతురి ఇంట వుంటున్నది. హిందీ రాదు. కాని వంటల మాట రాగానే ఆమె నోట బైగన్, ఆలూ, తవా, బేలనా వరుసగా వెలువడినవి. నాయనమ్మను ఆజీ అన్నది. గాజీపురం స్త్రీ చేతిలోని చెంచా క్రింద పెట్టివేసింది. సంభాషణ పండితుని ఇంగ్లీషు మీదుగా నడిచింది. వృద్ధురాలి ముత్తాత ఏ ఊరివాడో ఆమెకు తెలియదు. కూలీ చీటీలో జిల్లా, ఠాణా, గ్రామం వ్రాసి వుండేవి గాని, ఆ చీటీ ఇంట్లో మిగలలేదు. పితృపక్షం మాత్రం తప్పలేదు. తండ్రి యేటేటా తర్పణం విడిచేవాడట, ముందుగా ముత్తాతకు, ఆ తరువాత పేర్లు తెలియని వారికి.

"పేర్లు తెలియని వారెవరు?" అన్నారు పండితుడు.

"అక్కడ మిగిలిపోయినవారు. వారికెవరైనా వున్నారో లేరో మాకు తెలియదు కదా!"

పండితుడు ఈ మాటను హిందీలో చెప్పడానికి కొంత వ్యవధి తీసుకున్నారు. ఇంత చిన్న వాక్యాన్ని అనువదించడం ఆయనకు ఎన్నడూ అంత కష్టం కాలేదు.

గదికి తిరిగివచ్చిన తరువాత ఆయన కాళ్లు, చేతులు కడుగుకొని, చొక్కా విప్పి, జందెం సవరించుకొని వసారాలోనికి వచ్చినారు. ఉదయం వాదించిన మనిషి ఈయనేనా అన్నట్లు చూచినది ఆమె. బయట ఏమీ కనబడలేదు. ఓడ ప్రక్కన నురుగు మాత్రం వినవచ్చినది.

"పేరు తెలియకపోయినా విధి వున్నది," అన్నారాయన. "పుత్రులు లేనివారికి, ఎవరూ లేనివారికి విడిచే నీళ్లున్నవి."

ఆమె చెంబును ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. మాటు మీద వ్రేలితో రాచినది.

"ఎవరూ లేరని మనకెట్లా తెలుసు?" అన్నది.

చాలాసేపు ఆయన అట్లాగే నిలిచి వుండి, తిరిగి చొక్కా తొడుక్కొన్నారు. "మరి దీనిని ఏం చేస్తావు?"

"రేపు ఆమెకిస్తాను. గది అంకె అడగడం మరచిపోయినాను."

"ఇన్ని వేలమందిలో ఎక్కడని వెదకుతావు?"

"బల్ల అదే కదా," అని ఆమె దీపం ఆర్పివేసినది.