ఆఖరి రోజు మెయిలూ, ఒక అర్జెంటీనా పాటా

మన ఆఫీసుల్లో రాసే మెయిళ్ళన్నిట్లోకీ నీరసమైనది ఏదంటే, ఆఖరి రోజు మెయిలే అంటాను నేను. సాయంత్రం నాలుగింటికి వస్తుంది. ఇక్కడ ఎంతో నేర్చుకున్నాను, టచ్‌లో ఉందాం, కింద ఒక జీమెయిల్ ఐడీ. పేరు తీసేస్తే ఎవరిదో చెప్పలేం. ఎనిమిదేళ్ళు పక్క సీట్లో కూర్చున్నవాడు కూడా అదే పంపుతాడు. వాడి తప్పేం లేదు లెండి. వెళ్ళిపోయేటప్పుడు ఏం చెప్పాలో మనకి ఎవరూ నేర్పలేదు.

నాకు తెలిసి ఆ పని సరిగ్గా చేసినాయన ఒకరున్నారు. పేరు గుస్తావో సెరాతి. బ్యూనస్ ఎయిర్స్‌లో 1982లో మొదలైన సోడా స్టీరియో అనే రాక్ బ్యాండులో గాయకుడు, గిటారిస్టు. బేస్ మీద సెటా బోసియో, డ్రమ్స్ మీద చార్లీ అల్బెర్తి. ముగ్గురే. 1990లో వీళ్ళు తెచ్చిన 'కన్సియోన్ అనిమల్' ఆల్బమ్‌లో 'దె మూసికా లిహేరా' అని ఒక పాట ఉంది. 'తేలికపాటి సంగీతం గురించి' అన్నమాట. మన 'లలిత సంగీతం' లాంటి మాటే, పాట మాత్రం లలితంగా ఉండదు :)

నాకు దీన్ని పంపింది మా టీములో మెక్సికో నుంచి పనిచేసే ఒకతను. పాటేమో అర్జెంటీనాది, పంపిందేమో మెక్సికో మనిషి. ఆ ఖండంలో దాని సంగతి అక్కడే అర్థమైపోయింది. నాకు స్పానిష్ రాదు. రానక్కర్లేదు కూడా. బి మైనర్, జి, డి, ఎ - నాలుగే నాలుగు కార్డులు, పాటంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. గిటార్ కొన్న కుర్రాడు వారంలో వాయించేస్తాడు.

ఇక అసలు సంగతి. స్టూడియోలో రికార్డు చేసిన పాట బాగానే ఉంటుంది. కానీ జనం గుండెల్లో ఉన్నది అది కాదు, 1997 సెప్టెంబరు 20న రివర్ ప్లేట్ స్టేడియంలో పాడినది. బ్యాండు విడిపోతోంది, అది చివరి కచేరీ, అందులో ఇది చివరి పాట. అందరికీ ముందే తెలుసు. ఆ ఏడాది మే నెలలోనే సెరాతి ఒక ఉత్తరం రాసి పత్రికలో వేయించాడు. కొంత గొడవ లేకుండా ఏ బ్యాండూ నడవదనీ, ఆ గొడవ మధ్యే బ్యాలెన్సు పట్టుకుని పదిహేనేళ్ళు లాక్కొచ్చామనీ, ఇప్పుడది తప్పుతోందనీ దాని సారాంశం. ఎవర్నీ తిట్టలేదు. ఎవరి వల్ల చెడిందో చెప్పలేదు. మన ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో ఇంత మర్యాదగా మాట్లాడినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

పాట చివర్లో ఆయన జనంతో మాట్లాడతాడు. మీరు లేకపోతే మేం లేం అని ఊరుకోడు, అదైతే అందరూ అంటారు. మొదటి నుంచీ మా చుట్టూ ఉన్నవాళ్ళు, వాళ్ళలో ఇవాళ్టికీ మాతో ఉన్నవాళ్ళు, వాళ్ళు లేకపోయినా మేం ఏమీ కాకపోదుం అంటాడు. ఆ తర్వాత రెండే మాటలు: గ్రాసియాస్ తోతాలెస్. స్పానిష్‌లో మామూలుగా 'ముచాస్ గ్రాసియాస్' అంటారట, చాలా థాంక్స్ అని. 'తోతాలెస్' అంటే మొత్తం. చాలా కాదు, నా దగ్గరున్న థాంక్సులన్నీ మీకే, ఇక మిగుల్చుకోను అన్నట్టు. స్టేడియం ఏమైపోయిందో రికార్డులో వినపడుతుంది.

పోయిన నెల మా ప్రాడక్టు మూసేశారు. పదకొండు మందిమి తలో దిక్కుకీ వెళ్ళాం. ఆఖరి కాల్‌లో మా లీడ్ స్లైడ్లేం పెట్టలేదు. మొదటి ఏడాదిలో టెస్టింగ్ చేసి మానేసిన అమ్మాయి దగ్గర్నుంచి, రాత్రిళ్ళు సర్వర్లు చూసిన కుర్రాడి దాకా, కోడ్‌లో పేరు కూడా మిగలని వాళ్ళందర్నీ పేరుపేరునా తల్చుకుంది. కాసేపు అందరం మ్యూట్‌లోనే ఉండిపోయాం. ఆవిడ ఈ పాట విని ఉండదు. కానీ చేసింది మాత్రం అదే పని.

తర్వాత కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 2007లో ముగ్గురూ మళ్ళీ కలిసి ఒక టూర్ చేశారు. 2010 మేలో కరకాస్‌లో సొంత కచేరీ ముగిశాక సెరాతికి స్ట్రోక్ వచ్చింది. నాలుగేళ్ళు కోమాలో ఉండి 2014 సెప్టెంబరు 4న పోయాడు. 2020లో మిగిలిన ఇద్దరూ వేరే గాయకులతో కలిసి టూర్ మొదలుపెడితే, దానికి పెట్టుకున్న పేరు ఆ రెండు మాటలే.

ఇంతకీ ఆ పాట దేని గురించో తెలుసా? ఏమీ మిగల్చకుండా పోయిన ఓ చిన్న ప్రేమ గురించి! బ్యాండు పోయింది, మనిషీ పోయాడు, పాట మాత్రం మిగిలింది.

స్టూడియోది ముందు వినండి, వెంటనే రివర్ ప్లేట్‌ది. తేడా మీకే తెలుస్తుంది.