టేబుల్ టెన్నిస్ పందెములు – కొన్ని మెళకువలు

స్త్రీలకు వ్యాయామమెంత యవసరమో బోధించు వ్యాసములు పత్రికలలో కొల్లలుగా వచ్చుచున్నవి. వ్యాయామము వేఱు, పందెము వేఱు. పందెమునకు దిగువారికి ఆరోగ్యసూత్రములు చాలవు. ఎదుటివారిని గెలుచు మార్గము తెలియవలెను. టేబుల్ టెన్నిస్సు విషయమున మేము చూచినవియు, విన్నవియు, స్వయముగా చేసి తెలిసికొన్నవియు నగు సంగతులు కొన్ని సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మాకీ యాటతో పరిచయము మా ఆడపడుచు మూలమున కలిగినది. ఆమె మాయింట నుండి డిగ్రీ చదువుచున్నది. మా వారు పనిచేయు పాఠశాల హాలులో నొక బల్ల కలదు. సాయంకాలము పిల్లలు వెడలిన పిదప ఒక గంటసేపు దానిని వాడుకొనుటకు అనుమతి దొరకినది. తోడాడువారు లేక ఆమె మమ్ము పిలిచినది. ఇది నాలుగేండ్ల నాటి మాట. ఇప్పుడామెను మేము గెలువలేము గాని, ఆమె యెచ్చట నోడునో మాకంటె నెఱిగినవారు లేరు. వచ్చు నెలలో కళాశాలల పోటీలకు జట్టు నేర్పఱచుచున్నారు. ఈసారి చోటు దొరకనిచో బ్యాటును బీరువాలో పెట్టి పెండ్లిమాటలకు సమ్మతింపవలెననియు, దొరకినచో చదువు ముగియువఱకు ఆ ప్రసంగమే తాననియు మా అత్తగారు చెప్పిరి. వారు మాట తప్పువారు కారు. కావున నీ యాట మాయింట నిప్పుడు వినోదము కాదు.

చూచువారు దీనిని చేతిపని యనుకొందురు. నిజమునకిది కాళ్ళపని. బల్ల 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. వల ఎత్తు 15.25 సెంటీమీటర్లు, బంతి బరువు 2.7 గ్రాములు. ఇంత చిన్న చోట బంతి వచ్చిన పిదప కదలుటకు వ్యవధి యుండదు. మోకాళ్ళు కొంచెము వంచి, మడమలపై గాక ముంగాళ్ళపై బరువు మోపి, బ్యాటును బల్లకంటె నెత్తుగా ముందుకు పట్టి నిలువవలెను. ప్రతి దెబ్బ తరువాతను వెంటనే యా నిలుకడకు మరలవలెను. తన దెబ్బను తానే చూచి మురియుచు నిలుచువారిని ప్రత్యర్థి తరువాతి బంతితోనే శిక్షించును. మా ఆడపడుచునకు ఈ మురిపెము మిక్కుటముగ నుండెడిది. అది మాన్పుటకు బుట్టెడు బంతులు ప్రక్కన పెట్టుకొని, ఆమె యొకటి కొట్టునంతలో మఱియొకదానిని వేఱు మూలకు పంపుచు వచ్చితిమి. రెండు నెలలకు కుదిరినది. బంతులేరిపెట్టుటకు మా చిన్నవాడు రోజుకొక పప్పుండ కూలిగా పుచ్చుకొనెడివాడు.

ఇక సుడి. ఈ యాటకు ప్రాణమిదియే. బంతిని క్రిందినుండి పైకి ఒరయుచు ముందునకు కొట్టినచో టాప్ స్పిన్ పుట్టును. అట్టి బంతి వల దాటి వేగముగా క్రిందికి వంగి, బల్ల తాకినంతనే ముందునకు దుముకును. దానికి బ్యాటు ముఖము క్రిందికి వాల్చి బదులు చెప్పవలెను. బంతి యడుగును కోసినట్లు ఒరసినచో బ్యాక్ స్పిన్ పుట్టును. దానిని మామూలుగా తాకినచో వలలో పడును. బ్యాటు ముఖము పైకి తెఱచి నెట్టవలెను, లేదా క్రిందినుండి బలముగా పైకొరసి లేపవలెను. మన బ్యాక్ స్పిన్ సర్వీసు నిజముగా తిరుగుచున్నదా యని తెలిసికొనుటకు సులభోపాయమొకటి కలదు. ఎదుట నెవరును లేనప్పుడు నెమ్మదిగా సర్వీసు చేసి బంతిని వదలివేయవలెను. వలకావల రెండు మూడు మాఱులు తాకి, అది మరల వలవైపునకే దొరలి వచ్చినచో సుడి కలదు. ఈ పరీక్ష కై మేము మా భోజనపుబల్లమీద శబ్దరత్నాకరమును, భారత సంపుటములను వరుసగా పేర్చి వలగా నుంచితిమి. సరస్వతికి బంతి తగులుచున్నదని అత్తగారు కేకలు వేయగా వాని స్థానమున అట్టపెట్టెలు వచ్చినవి.

సర్వీసునకు నియమములు గట్టివి. బంతిని తెఱచిన అరచేత నుంచి, కనీసము 16 సెంటీమీటర్లు నిలువుగా ఎగురవేసి, దిగునప్పుడే, బల్ల యంచునకు వెనుకనే కొట్టవలెను. చేతితో గాని దేహముతో గాని బంతిని మఱుగుపఱుపరాదు. కనుక మోసము దాచుటలో లేదు. కనుల యెదుటనే చేయవలెను. మా తండ్రిగారు చిన్ననాట మాకింటనే కావ్యములును నీతిగ్రంథములును చెప్పిరి. కౌటిల్యుని షాడ్గుణ్యములో ద్వైధీభావమనునది యొకటి: ఒకరితో సంధి, వేఱొకరితో విగ్రహము. ఇచ్చట నది యొకే చేతికదలికలో రెండు తెఱగుల సర్వీసు. ఒకటి గట్టి బ్యాక్ స్పిన్. రెండవది చూపునకు సరిగా నట్లేయుండి సుడిలేనిది. మొదటిదని భ్రమపడి ప్రత్యర్థి బ్యాటు తెఱచి నెట్టినచో రెండవది పైకి తేలును. తేలిన బంతిని కొట్టుట కష్టము కాదు. సర్వీసు మొదటి దెబ్బ, వారి బదులు రెండవది, మన దాడి మూడవది. ఈ మూడవ దెబ్బ నెచ్చట వేయుదుమో సర్వీసు చేయకమున్నే తలపోసికొనవలెను.

ఎచ్చట వేయవలెనన్న ప్రశ్నకు క్రొత్తవారందఱును మూలలు చూపుదురు. మా మతము వేఱు. బ్యాటు పట్టిన చేతి మోచేతికి సూటిగా వేసిన బంతికంటె చికాకైనది లేదు. ఫోర్‌హ్యాండా, బ్యాక్‌హ్యాండా యని ఎదుటివారు తేల్చుకొనునంతలో కాలము గడచిపోవును. అట్లు రెండుమాఱులు మోచేతికి వేసి, ఆమె ప్రక్కకు జరుగుటకు అలవాటుపడిన పిమ్మట మూలకు వేసినచో మూల నిజముగా ఖాళీగా నుండును.

2001వ సంవత్సరమునకు ముందు ఒక గేమునకు 21 పాయింట్లు, ఒక్కొక్కరికి వరుసగా ఐదు సర్వీసులు. ఇప్పుడు 11 పాయింట్లే, రెండేసి సర్వీసులే. 10–10 అయినచో ఒక్కొక్కటే. తప్పులు చేసి నేర్చుకొనుటకు మునుపటి తీరిక లేదు. మంచి సర్వీసొకటి దాచియుంచుకొని 10–10 వద్ద తీయుట మేలని కొందఱందురు. మాకది సమ్మతము కాదు. ఆ వేళ చేయి వణకును. నిత్యము చేయు సర్వీసే చేయవలెను. ఒక మ్యాచిలో ఒకమాఱు ఒక నిమిషము విరామము కోరవచ్చును. దానిని గేము పోవుచున్నప్పుడు గాక, చేతిలోని ఆధిక్యము జాఱుట మొదలిడినప్పుడే కోరవలెనని మా యభిప్రాయము.

రబ్బరు సంగతి చెప్పక తీఱదు. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలలో జపాను దేశీయుడు హిరోజీ సాతో స్పాంజి బ్యాటుతో గెలిచెను. అంతకు మున్ను బంతి తాకిడి చప్పుడును విని ఆడుట కలవాటుపడినవారికి ఆ మెత్తని బ్యాటు చప్పుడే వినిపించలేదట! నేడు అట్టి కలవరము పెట్టునవి పొడవైన బుడిపెలు గల రబ్బరులు. వానిని లాంగ్ పింపుల్స్ అందురు. 2018 కామన్వెల్తు క్రీడలలో సింగిల్సు స్వర్ణము గెలిచిన మణికా బాత్రా బ్యాక్‌హ్యాండు ప్రక్క నట్టిదానినే వాడును. దానికి తగిలిన మన సుడి మనకే తలక్రిందుగా వచ్చును. మన టాప్ స్పిన్ బ్యాక్ స్పిన్నై వచ్చును. ఆ సంగతి మఱచి మరల టాప్ స్పిన్నునకు తగినట్లు కొట్టినవారు బంతిని వలలో వేసికొందురు. హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ 2024లో పారిస్ ఒలింపిక్సులో సింగిల్సు చివరి పదునార్గురిలో నిలిచినప్పుడు మా అత్తగారు సైతము టీవీ ముందు కూర్చుండి, “ఆ పిల్లయు తెలుగుపిల్లయేనా?” యని అడిగిరి.

మా ఆడపడుచునకు చోటు విషయమున పోటీ వచ్చు పిల్ల ఇట్టి బుడిపెల రబ్బరుతోనే ఆడును. ఈమెను రెండుమాఱులు ఓడించినది. మ్యాచి మొదలగుటకు మున్ను ప్రత్యర్థి బ్యాటును చేతబట్టి చూచుటకు నియమమే అధికారమిచ్చుచున్నది. రెండు ముఖములకును వేర్వేఱు రంగులుండవలెను గనుక, ఏ రంగు బుడిపెలదో అప్పుడే గుర్తుంచుకొనవలెను. ఆట నడుమ నామె బ్యాటు త్రిప్పి పట్టినను రంగు చెప్పును. బుడిపెల ప్రక్కకు సుడిలేని బంతులను నిదానముగా పంపినచో ఆమె కెరువు దొరకదు. ఎదుటివారి సుడియే ఆ రబ్బరునకు తిండి. ఆమె ఫోర్‌హ్యాండునకు మాత్రము వేగముగా వేయవలెను. నిదానమునకు మా ఆడపడుచు ఓర్వదు. కౌటిల్యుడు చెప్పిన ఆసనము, అనగా అదను వచ్చువఱకు కదలక యుండుట, ఇరువదేండ్ల పిల్లకు చెప్పినంత సులభము కాదు గదా.

అందుకై మేమే యొక బుడిపెల రబ్బరు తెప్పించి మా బ్యాటునకు అతికించుకొంటిమి. పది దినములుగా ప్రతి సాయంకాలము ఆ పిల్ల వలెనే నిలిచి, ఆ పిల్ల వలెనే బంతులు త్రిప్పి పంపుచున్నాము. ఆ గంటసేపు మా ఆడపడుచు మమ్ము వదినా యని పిలువదు. ఆ పిల్ల పేరుతోనే పిలుచుచున్నది. నిన్నటి యైదు గేములలో మూడు ఆమెవి.