కాచినా పోని విషం

“మా బోరు నీళ్ళలో యురేనియం ఉందంటున్నారు డాక్టరుగారూ. కాచి చల్లార్చి తాగితే పోదా?” అనంతపురం పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఈమధ్య నన్ను తరచు ఇలా అడుగుతున్నారు.

పోదు. కాచితే చచ్చేవి క్రిములు. యురేనియం లోహం, నీరు ఆవిరైపోయేకొద్దీ గిన్నెలో మరింత చిక్కబడుతుంది. ముప్పై ఏళ్ళుగా “నీళ్ళు కాచి తాగండి” అని ఊరూరా చెప్పినవాణ్ణి, ఈ మాట అనడం నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. అయితే కలరాకూ టైఫాయిడుకూ ఆ సలహా ఇప్పటికీ శిరోధార్యమే!

దీన్ని ఎవరూ తెచ్చి కలపలేదు. రాయలసీమ గ్రానైటు రాళ్ళలో అది సహజంగానే కొద్దికొద్దిగా ఉంటుంది. ఇక్కడ ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. లోతున రాతి నెర్రెల్లో ఏళ్ళతరబడి నిలిచిన నీరు ఆ లోహాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. వెనకటి దిగుడుబావుల్లో ఏటా కొత్త నీరు ఊరేది. ఇప్పుడు వెయ్యి అడుగులు తవ్వి పాత నీటిని పైకి లాగుతున్నాం.

అణుధార్మికత అనగానే అందరికీ హిరోషిమా గుర్తుకొస్తుంది. సహజ యురేనియం అంత చురుకైనది కాదు. అందులో ముఖ్యమైన రకం సగానికి తరగడానికే 450 కోట్ల ఏళ్ళు కావాలి. తాగేనీటి విషయంలో మొదట భయపడవలసింది కిరణాలకు కాదు, మూత్రపిండాలను దెబ్బతీసే దాని విషగుణానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో లీటరుకు 30 మైక్రోగ్రాములని హద్దు పెట్టింది అందుకే. దాని సంతానమైన రేడియం దారి వేరు: కాల్షియంలా నటించి ఎముకల్లో చేరుతుంది.

మొన్న ఒక రైతు అన్నాడు: “అప్పు చేసి నాలుగు బోర్లు వేస్తే ఒక్కదాంట్లో నీళ్ళు పడినాయి సార్. అవీ తాగొద్దంటారా?” ఏం చెప్పను? పరీక్ష చేయించకుండా ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. రుచి, రంగు, వాసన ఏవీ దీన్ని పట్టివ్వవు. మామూలు నీటి పరీక్షలోనూ తేలదు. యురేనియం, ఫ్లోరైడు రెండూ చూడమని ప్రత్యేకంగా అడగాలి. ఎక్కువని తేలితే కుళాయికి వచ్చే నదినీరు గానీ, శుభ్రంగా పట్టి దాచిన వాననీరు గానీ మేలు. అవి లేకపోతే ఆర్.ఓ. యంత్రం చాలావరకు తీసేస్తుంది. క్యాండిల్ ఫిల్టరు తీయదు. చక్కెర జబ్బు, రక్తపుపోటు ఉన్నవాళ్ళు ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకోండి. చంటిబిడ్డల పాలపొడిలో ఆ బోరు నీరు కలపకండి. వంటకూ అదే జాగ్రత్త.

స్నానానికి, బట్టలకు నిక్షేపంగా వాడుకోండి, చర్మం గుండా అది లోపలికి పోయేది బహుస్వల్పం.