విజయనగరం పాత వీధిలో ఒక ఇల్లు



విజయనగరం వెళ్ళినవారు గంటస్తంభం చూడకుండా రారు. 1885లో కట్టిన ఎనిమిది పలకల కట్టడం అది. అక్కడి నుంచి కాస్త నడిస్తే 1713లో పునాది వేసిన రాతికోట వస్తుంది. కోట ముందున్న బొంకుల దిబ్బ పేరు ‘కన్యాశుల్కం’ చదివినవారందరికీ తెలుసు. ఆ నాటకం రాసిన గురజాడ అప్పారావుగారు నివసించిన ఇల్లు కూడా ఈ ఊళ్ళోనే స్మారకంగా నిలిచివుంది. ఆయన 1915లో కన్నుమూశారు. ఒక ఇంట్లో పెద్దమనిషి నివసించి వుంటే ఆ ఇంటికి ఆ కీర్తి కాపలా కాస్తుంది. మిగిలిన ఇళ్ళ మాట ఏమిటి? ఆ చుట్టుపక్కల సందుల్లో నూరేళ్ళు దాటిన పెంకుటిళ్ళు ఒక్కొక్కటిగా నేలమట్టమై, వాటి చోట అపార్టుమెంట్లు లేస్తున్నాయి.

అటువంటి ఇల్లు ఒకటి మా పెదనాన్నగారిది. ఆయన బడిపంతులు. 1960ల్లో, అప్పటి సొంతదారులు ఊరు విడిచి వెళ్ళిపోతుంటే, జీతంలో మిగిల్చినదానికి పెద్దమ్మ మెడలోని గొలుసు కలిపి కొన్నారు. మా కుటుంబంలో పట్నంలో సొంత గడప తొక్కినవారు ఆయనే మొదలు. ఆ వీధిలో అంతకుముందు మనవాళ్ళు పనికి వెళ్ళారే గాని కాపురానికి వెళ్ళలేదు. ఇంటి వెనుక సన్నటి సందు ఒకటుంది. పాత ఇళ్ళకు ఆ సందు, ఆ దొడ్డి తలుపు ఎవరి కోసం పెట్టారో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. పాకీపనిని నిషేధిస్తూ చట్టాలు 1993లోనూ, తిరిగి 2013లోనూ వచ్చాయి. పెదనాన్నగారు మాత్రం ఇల్లు కొన్న ఏడాదే ఆ తలుపుకి అడ్డంగా ఇటుకలు కట్టించేశారు. ఈనాటికీ ఆ గోడలో ఆ చతురం వేరుగా కనబడుతుంది.

ఆయన పోయాక పెద్దమ్మ ఒక్కతే అందులో వుంటోంది. అన్నయ్యలు ఇద్దరూ హైదరాబాదులో. అక్క బొబ్బిలి దగ్గర పల్లెలో. ఇంటిని అమ్మాలా, బాగుచేయాలా అన్న ప్రశ్న వచ్చింది. ఈమధ్య అందరూ కలిసి చూద్దామంటే నేనూ వెళ్ళాను.

ముందు బ్రోకరుగారు వచ్చారు. ఇంట్లోకి తల పెట్టకుండానే వీధిలో నిలబడి, “ఇంటికి విలువేమీ లేదండీ, స్థలానికే ధర” అన్నారు. భోగాపురం విమానాశ్రయం మాట చెప్పి, గజం ఇంత పలుకుతోందని లెక్క కట్టారు. పాత వీధుల్లో స్థలాలు రిబ్బన్ల లాంటివి. మా పెద్దమ్మ ఇల్లు వీధి వైపు ఎనిమిది గజాలు, లోపలికి నలభై గజాలు. మొత్తం మూడువందల ఇరవై. కాగితం మీద ఘనంగానే వుంటుంది. కాని కొత్త కట్టడానికి పురపాలకుల అనుమతి కావాలంటే ముందూ పక్కలా ఖాళీ వదలాలి. వీధి వెడల్పు చేస్తామంటే ముందు నుంచి మరికొంత పోతుంది. ఇప్పుడున్న ఇల్లు పక్క ఇళ్ళ గోడలను ఆనుకుని అంగుళం వదలకుండా నిలిచివుంది. పడగొట్టిన మరునాడు ఆ సౌకర్యం వుండదు. గజాల లెక్కలో బ్రోకరుగారు ఈ ముక్క కలపలేదు, పాపం.

తరువాత మేస్త్రి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. అరుగు ఎక్కుతూనే ఆగి వీధి వైపు చూశాడు. “ఇల్లు దిగిపోనేదు బాబూ, రోడ్డే ఎక్కిపోయింది” అన్నాడు. నిజమే. పొర మీద పొర వేసి వేసి రోడ్డు పైకి లేచింది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్ళే అరుగు ఇప్పుడు ఒక్క మెట్టు ఎత్తున వుంది. గట్టి వాన పడితే కాలువ నీరు గుమ్మం దాకా వస్తుందని పెద్దమ్మ చెప్పింది. పాత ఇల్లు కొనేవారు గోడల అందం చూడకముందు ఈ సంగతి చూసుకోవాలి. పైకప్పుకు మందుంది గాని పల్లమైపోయిన నేలకు మందు తక్కువ.

లోపల చావడి, మధ్యన మండువా, వెనుక వంటిల్లు, పెరట్లో నుయ్యి. గోడలు గానుగ సున్నంతో కట్టినవి, రెండడుగుల మందం. ఏప్రిల్ ఎండలో కూడా లోపల చల్లగా వుంటుంది. వంటింటి గోడ మాత్రం మోకాలెత్తు వరకు పొక్కులు పొక్కులుగా రాలుతోంది. పదేళ్ళ క్రితం ఎవరో సలహా ఇస్తే దానికి సిమెంటు పూయించారట. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. దానికి సిమెంటు తొడుగు వేస్తే చెమ్మకు దారి మూసుకుని, పైకి ఎక్కి, పూతను తోసేస్తుంది. మేస్త్రి ఆ పూత గీకించి మళ్ళీ సున్నమే వేయమన్నాడు. పడమటి గోడలో వాలుగా ఒక బీట వుంది. అది పాతదా, ఇంకా పెరుగుతోందా తెలియాలంటే, దాని మీద అడ్డంగా చిన్న గాజుముక్క అంటించి ఒక వానకాలం చూడాలట. గోడ కదిలితే గాజు పగులుతుంది. రూపాయి ఖర్చు లేని పరీక్ష!

దూలాలు ఏజెన్సీ అడవుల నుంచి వచ్చిన గుగ్గిలం కలప. మేస్త్రి నిచ్చెన వేసుకుని వాటిని ఇనుప ఊచతో తట్టుకుంటూ వెళ్ళాడు. నడుమ ఖణేల్‌మంటోంది. “నడుం సూసి మురిసిపోకూడదు. గోడలోకి పోయిన కొస సూడాల” అని, కొసల దగ్గర ఊచ మొన గుచ్చి చూశాడు. రెండు చోట్ల మెత్తగా దిగిపోయింది. పెంకు సందుల్లోంచి కారిన నీరు గోడ మీద నిలిచి ఆ కొసలను తినేసింది. తక్కిన తొమ్మిదీ గట్టివే. ఈ కలప విలువ కూడా బ్రోకరు లెక్కలో లేదు. పాత ఇల్లు కూలగొట్టే కంట్రాక్టరు మాత్రం ఆ తలుపులూ దూలాలూ మోసుకుపోయి బాగానే అమ్ముకుంటాడు.

తుపాను మాట కూడా వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఇంటి పెంకులు సగం లేచిపోయాయి, గోడలు కదలలేదు. నాలుగేళ్ళకు తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చింది. మన తీరంలో పాతకాలపు చుట్టిళ్ళు గుండ్రంగా, చూరు కిందికంటా దించి కట్టడం ఈ గాలి భయంతోనే. పెంకుటింటికి ఆ రక్షణ లేదు. ఏటేటా పెంకు నేయించుకోవలసిందే.

ఇక అసలు చిక్కు సాయంత్రం కాఫీల దగ్గర బయటపడింది. పెద్దన్నయ్య, “మన ముగ్గురం పంచుకుందాం. చెల్లికి పెళ్ళప్పుడే ఇచ్చేశాం కదా” అన్నాడు. ముగ్గురంటే అమ్మా, తానూ, తమ్ముడూ. అక్క తల వంచుకుని కప్పులు తీస్తోంది. పెద్దమ్మ ఏమీ అనలేదు.

ఇక్కడ మన సంఘాల్లోని కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతి వుంది. వీలునామా రాయకుండా పోయిన క్రైస్తవుని ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. భార్యకు మూడో వంతు. మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానం. కొడుకని ఎక్కువ లేదు, కూతురని తక్కువ లేదు. పెళ్ళికి ఇచ్చినది ఈ వాటాలోంచి తగ్గించడానికి కూడా ఆ చట్టం ఒప్పుకోదు. అంటే ఆ ఇంటిని తొమ్మిది భాగాలు చేస్తే పెద్దమ్మకు మూడు, ముగ్గురు బిడ్డలకు తలా రెండు. మన ఇళ్ళల్లో చాలా చోట్ల ఇది తెలియక కాదు, తెలిసే ఆడపిల్ల చేత సంతకం పెట్టించుకుంటారు. సెలోపెహాదు కుమార్తెలు మోషే ఎదుట నిలబడి అడిగిన మాట ఆదివారం చదువుతాం గాని సోమవారం దస్తావేజు దగ్గర గుర్తుండదు.

నేను ఈ లెక్క చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్నన్నయ్య నవ్వి, “అయితే గోడలు పెట్టి పంచుకుందామా?” అన్నాడు. ఇరవై నాలుగడుగుల వెడల్పు నలుగురికి పంచితే తలా ఆరడుగులు! మంచం అడ్డంగా పడదు. ఆ వీధిలోనే అలా నిలువుగా చీల్చుకుని, మండువాలో గోడ కట్టి, ఎండా గాలీ పోగొట్టుకున్న ఇళ్ళు రెండున్నాయి. పొద్దున్నే చూసి వచ్చాము.

కాగితాలూ తీశాము. కొన్న దస్తావేజు ట్రంకు పెట్టెలో భద్రంగా వుంది. అంతకుముందున్న లింకు దస్తావేజు లేదు. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటరులో ఇ.సి. తీస్తే వస్తాయి. అంతకుముందువి పాత పుస్తకాల్లో వెతికించాలి. పాత పేటల్లో కొన్ని స్థలాలు దేవాదాయమో, వక్ఫో, సంస్థానమో కౌలుకిచ్చినవి అవుతాయి, కొన్ని గ్రామకంఠంలో వుంటాయి. అందుచేత అమ్మినా వుంచినా నిషేధిత జాబితాలో సర్వే నంబరు వుందేమో చూసుకోవాలని చిన్నన్నయ్యకు ఆ పని అప్పగించారు. ఇంటిపన్ను ఇంకా పెదనాన్నగారి పేరనే వస్తోంది.

రాత్రి భోజనాలయ్యాక పెద్దమ్మ మొదటిసారి నోరు విప్పింది. “నేనున్నంత కాలం వుంచండి. తరువాత అమ్మితే దానికీ రెండు భాగాలివ్వండి” అంది. అక్క లేచి లోపలికి వెళ్ళిపోయింది. పెద్దన్నయ్య సరేనన్నాడు. వాటాలు రాసి రిజిస్టరు చేయిద్దామని మరునాడు ఉదయం అతనే అన్నాడు.

పాడైన రెండు దూలాల కొసలు కోసి అతుకు వేయడానికి మేస్త్రి ఒప్పుకున్నాడు. పెంకులకే కాస్త ఇబ్బందైంది. ఆ కొలత నాటుపెంకు ఇప్పుడు కాల్చేవారు దొరకడం లేదు. పక్క వీధిలో కూలగొడుతున్న ఇంటి దగ్గర అడిగితే కొన్ని వందలు ఇస్తామన్నారు. అక్క కొడుకు ఆటో మాట్లాడి తెచ్చి పెరట్లో పేర్చాడు. క్రిస్మసుకు ముందే కప్పు పని ముగించాలని పెద్దమ్మ పట్టుదల.