రిపోర్టు పుస్తకంలో ‘నేను’

మా పిన్ని ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసేది. నా చిన్నప్పుడు ఒక నైట్ డ్యూటీలో, ఒకామెకి చెయ్యాల్సిన ఇంజక్షన్ పక్క మంచం ఆమెకి చేసింది. 60 మంది రోగులకి ఇద్దరే నర్సులు. ఆ ఆడవాళ్లిద్దరి పేరూ లక్ష్మే. చూసుకోగానే డ్యూటీ డాక్టరుకి చెప్పింది, రిపోర్టు పుస్తకంలో రాసింది. రోగికి ఏమీ కాలేదు. పిన్నికి మాత్రం మెమో వచ్చింది.

“తర్వాతెప్పుడూ పొరపాటు చెయ్యలేదా పిన్నీ?” అని మొన్నామధ్య అడిగాను.

“చేశానే. రాయలేదు” అంది.

పీహెచ్‌డీ కోసం స్త్రీల ఆత్మకథలు చదువుతున్నప్పుడు, ‘నేను’ అని రాయడానికి వాళ్లెంత పెనుగులాడారో చూశాను. ఆసుపత్రిలో పొరపాటు జరిగిన చోట ‘నేను’ అని రాసేది డాక్టర్ల కంటే ఎక్కువగా నర్సులే. అర్థంకాని చేతిరాత, ఒకేలా కనిపించే మందు సీసాలు, చాలని సిబ్బంది, అన్నీ కలిసి చివరికి సూది పట్టుకున్న చేతి మీదికే వస్తాయి. ఆ చెయ్యి చాలావరకు ఆడదానిదే.

అమెరికాలోని నాష్‌విల్‌లో 2017 డిసెంబరులో రడొండా వాట్ అనే నర్సు, ఆందోళన తగ్గించే ‘వెర్సెడ్’ కోసం మందుల యంత్రంలో మొదటి రెండక్షరాలు కొట్టింది. యంత్రం వెతికేది జెనరిక్ పేర్లతో. కండరాల్ని స్తంభింపజేసే వెక్యురోనియం వచ్చింది. సీసా మీది హెచ్చరికను ఆమె చూసుకోలేదు. 75 ఏళ్ల రోగి చనిపోయింది. వాట్ తన తప్పు వెంటనే ఒప్పుకుంది. ఆసుపత్రి మాత్రం ప్రభుత్వానికి తెలియజేయలేదు. 2022 మార్చిలో దోషిగా తేలింది ఆమె. మే నెలలో 3 ఏళ్ల ప్రొబేషన్ విధించారు.

పోయిన ప్రాణాన్ని నేను తేలిక చెయ్యడం లేదు. ఆ కుటుంబానికి నిజం తెలియాలి, న్యాయం అడిగే హక్కు ఉండాలి. కానీ ఒప్పుకున్న మనిషి ఒక్కతే బోనెక్కితే, రేపు నిజం రాసేదెవరు? 2024లో కెంటకీ రాష్ట్రం, తీవ్ర నిర్లక్ష్యం, కావాలని చేసిన హాని తప్ప మిగతా వైద్యపు పొరపాట్లకు క్రిమినల్ కేసు ఉండకూడదని చట్టం చేసింది. ఆ భయం ఎంత దూరం పాకిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

పిన్ని రిటైరైంది. “నువ్వు రాసింది చదివి ఆ ఇద్దరు లక్ష్ముల మంచాలైనా మార్చారా?” అని అడిగాను.

“మెమో మీద నా సంతకం తీసుకున్నారు. మర్నాడు రాత్రి డ్యూటీకెళ్తే ఇద్దరూ ఆ మంచాల మీదే ఉన్నారు” అంది.