పడోసి హక్కు

రిటైరయ్యాక మా మొదటి పెద్ద సఫర్ టోక్యో. కొడుకు నౌకరీ అక్కడే. ఒక రోజంతా అసకుసలో, సెన్సోజీ బౌద్ధాలయం చుట్టూ తిరిగాం. ద్వారానికి పెద్ద ఎర్ర లాంతరు, అది దాటితే అంగళ్ల వీధి. లోపలికెళ్లే ముందు జనం తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. "అచ్చం వుజూ చేస్తున్నట్టే ఉందండీ" అంది మా బేగం.

628లో సుమిద నదిలో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలలో విగ్రహం పడిందని అక్కడి కథ. 1945 బాంబుదాడిలో ప్రధాన ఆలయం కాలిపోతే 1958లో మళ్లీ కట్టుకున్నారు. ఎంత సబర్!

సాయంత్రం బెంచీ మీద మోకాళ్లు నొక్కుకుంటుంటే కొడుకు అడిగాడు: "అబ్బా, మన ఆదుర్రు స్తూపం మీరు చూశారా?"

నా దగ్గర జవాబు లేదు. అమలాపురంలో పుట్టి, రాజోలులో నౌకరీ చేసినవాణ్ణి. మామిడికుదురు మీదుగా ఎన్నిసార్లు బస్సులో పోయానో! ఆదుర్రు వైపు ఒక్కసారీ తిరగలేదు.

ఇంటికొచ్చిన వారానికే వెళ్లాం. వైనతేయ ఒడ్డు, కొబ్బరిచెట్లు, చక్రంలా పరిచిన పాత ఇటుకలు. ఆ పూటకి మేమిద్దరమే ముసాఫిర్లం. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

"పడోసిని ఇన్నేళ్లు పలకరించనే లేదండీ మనం" అంది బేగం.